నరికిన చెట్టుకు మారుచెట్టు: రోడ్ల ప్రక్క, గట్ల మీది చెట్లను గూర్చి రైతులు తెలిసికొనవలసిన నిబంధనలు

ఖానాపూర్ ప్రాంతపు రైతుకు ఒక ప్రక్క కవ్వాల్ అడవి, మరియొక ప్రక్క గోదావరి. గోదావరిపై 1891–92లో కట్టిన సదర్మాట్ ఆనకట్ట ఖానాపూర్, కడెం మండలముల వరి పొలములకు ఆధారమైనది. ఆ ఆనకట్టను అంతర్జాతీయ నీటిపారుదల సంఘము 2018లో వారసత్వ కట్టడముగా గుర్తించినది. ఆనకట్టకు అట్టి గౌరవము లభించినది. కాని ఆ నీటిని తెచ్చు కాలువ గట్ల మీద, పొలములకు పోవు బాటల ప్రక్కన, చెరువు శిఖములలో, గైరాను భూములలో నిలిచియున్న వేప, చింత, కానుగ, మర్రి, ఇప్ప చెట్లకు అట్టి గుర్తింపు పలక ఏదియు లేదు. వాటిని కాపాడునది రెండే: ఊరివారి శ్రద్ధ, చట్టములోని నిబంధన.

ఈ నిబంధనలు తెలియక నష్టపోవు రైతులు గలరు. పొలము మీద నీడ పడుచున్నదని రోడ్డు ప్రక్క చెట్టును కొట్టించి జరిమానా కట్టువారు కొందరు. కొయ్యకాళ్ళకు పెట్టిన నిప్పు రోడ్డు ప్రక్క మొక్కలకు అంటుకొనగా పంచాయతీ నోటీసు అందుకొనువారు మరి కొందరు. ఇంకను ఎక్కువ మంది, తమ ఊరి చెట్టును ఎవరో కొట్టుకొనిపోవుచుండగా అడుగు హక్కు తమకు లేదనుకొని ఊరకుండువారు. చెట్టు ఎవరిది, ఎవరి అనుమతి కావలెను, కొట్టిన తరువాత ఏమి చేయవలెను అను మూడు సంగతులు ఈ వ్యాసములో వివరించబడినవి. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఒకటి గలదు. మారుచెట్టు అనగా నాటిన మొక్క అని పలువురు అనుకొందురు. నేటి చట్టము నాటిన మొక్కను లెక్కించుటతో తృప్తిపడదు, బ్రతికిన మొక్కను లెక్కించును.

చెట్టు ఎవరిది?

సర్కారు చెట్టు అని మనము అన్నిటికి ఒకే పేరు పెట్టెదము. కాని సర్కారులో చెట్టుకు బాధ్యులు వేరు వేరుగా నుందురు. రోడ్లు, భవనముల శాఖ వేసిన రోడ్డు ప్రక్క చెట్లు ఆ శాఖ అధీనములో నుండును. జాతీయ రహదారి అయినచో ఆ రహదారి అధికారులు బాధ్యులు. ఊరి నుండి ఊరికి పోవు పంచాయతీరాజ్ రోడ్ల చెట్లు పంచాయతీరాజ్ శాఖవి. కాలువ గట్టు, చెరువు కట్ట నీటిపారుదల శాఖ క్రిందికి వచ్చును. గ్రామపంచాయతీకి చెందిన స్థలములు, బడి ఆవరణలు, శ్మశానవాటికలు మొదలగు చోట్ల చెట్లను పంచాయతీ చూచుకొనవలెను. అటవీ హద్దురాయి దాటిన తరువాత చెట్టు అటవీశాఖది.

పొలము గట్టు మీద, పట్టా భూమికి, రోడ్డుకు నడుమ నున్న చెట్టు విషయములో తరచు తగవు వచ్చును. ఇట్టి చోట గొడ్డలి ఎత్తుటకు ముందు హద్దు తేల్చుకొనవలెను. సర్వే నకలు తీసికొని హద్దు కొలిపించుకొనిన ఒక పూట పని. హద్దు తెలియక కొట్టిన చెట్టు సర్కారుదని తరువాత తేలినచో అది ఏళ్ళ తరబడి తలనొప్పి.

ఖానాపూర్ విషయములో ఇంకొక విశేషము గలదు. 2018 వరకు ఖానాపూర్ గ్రామపంచాయతీగా నుండెను. ఆ సంవత్సరమున పురపాలక సంఘమైనది. కావున పట్టణపు హద్దులోని చెట్లకు 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము, హద్దు దాటిన గ్రామములలోని చెట్లకు 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము వర్తించును. ఒకే రోడ్డు మీద పది గజముల దూరములో నున్న రెండు వేపచెట్లకు ఇద్దరు వేర్వేరు సంరక్షకులు ఉండవచ్చును. ఫిర్యాదు చేయునప్పుడు ఈ భేదము గమనించినచో కాగితము తిరిగి రాకుండును.

కొట్టుటకు ముందు

చెట్టు పంచాయతీదైనను, పురపాలక సంఘముదైనను, తుదకు రైతు పట్టాలోనిదైనను, దానిని కొట్టుటకు వర్తించు చట్టము ఒకటి గలదు. అది 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము. జనులు దీనిని వాల్టా చట్టమందురు. ఈ చట్టము ప్రకారము చెట్టు కొట్టుటకు ముందుగా నియమిత అధికారి అనుమతి పొందవలెను. చెట్ల విషయములో ఈ పని అటవీశాఖ అధికారులు చూచెదరు. వేగముగా పెరుగు కొన్ని పంటచెట్లకు మినహాయింపులు గలవు. ఆ జాబితాను దగ్గరలోని అటవీ రేంజి కార్యాలయములో చూచుకొని, తమ చెట్టు అందులో నున్నదో లేదో నిర్ధారించుకొనిన తరువాతనే పని మొదలుపెట్టవలెను. టేకు వంటి కలపను కొట్టుటకే గాక, బండి మీద తరలించుటకు గూడ అనుమతి పత్రము వేరుగా కావలెను. ఈత, తాటి చెట్ల విషయములో ఆబ్కారీ శాఖ వారిని గూడ అడుగవలెను.

దరఖాస్తు వచ్చిన తరువాత అధికారి వచ్చి చెట్టును చూచును. చెట్టు ఎండిపోయినదా, తెగులు పట్టి కోలుకొనని స్థితిలో నున్నదా, గాలివానకు ఒరిగినదా, ఇంటి మీదికో, బాట మీదికో పడి ప్రాణమునకు ముప్పు తెచ్చునదిగా నున్నదా అని పరిశీలించును. అనుమతి ఇచ్చునప్పుడు బదులుగా మొక్కలు నాటవలెనని షరతు పెట్టుట వాడుక. ఈ షరతును చదువకుండ కాగితమును మడిచి జేబులో పెట్టుకొనువారే ఎక్కువ. అనుమతిలో సగము కొట్టుటకు, సగము నాటుటకు అని గుర్తుంచుకొనవలెను.

ఎండినట్లు కనిపించిన చెట్టెల్ల చచ్చిన చెట్టు కాదు. 2021లో తెలంగాణమంతట వేపచెట్లు కొనల నుండి మాడిపోయి, నిప్పు తగిలినట్లు కనిపించెను. ఫోమాప్సిస్ అను శిలీంధ్రము వలన వచ్చు కొన ఎండు తెగులు దీనికి ముఖ్య కారణము. తరువాతి సంవత్సరములలో గూడ ఈ తెగులు అక్కడక్కడ మరల కనిపించినది. ఇట్టి చెట్లు చాలవరకు మరల చిగిర్చినవి. కావున వేప ఎండినదని తొందరపడి కొట్టరాదు. కొమ్మ మీది బెరడును గోటితో గాని కత్తి మొనతో గాని కొంచెము గీచి చూడవలెను. లోపల పచ్చగా, తడిగా నున్నచో చెట్టు బ్రతికియున్నది. కొనల నుండి కాండము వరకు నాలుగైదు చోట్ల గీచి చూచినను ఎక్కడను పచ్చదనము కనిపించనప్పుడే అది ఎండినదని చెప్పవలెను.

అనుమతి లేక కొట్టినచో ఏమగునో ఒక ఉదాహరణ. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదు సైదాబాదులో ఇల్లు కట్టుటకు అడ్డమని ఒక పెద్ద వేపచెట్టును రాత్రివేళ కొట్టివేసిరి. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలుడు అటవీశాఖకు ఫోను చేసి ఈ సంగతి తెలిపెను. అధికారులు వచ్చి విచారించి 62,075 రూపాయల జరిమానా విధించిరి. దీనివలన రైతులు గ్రహించవలసినవి రెండు. చట్టము పట్టణములో ఒక్క చెట్టుకైనను వర్తించినది. తెలియజేయుటకు పెద్ద పదవి అక్కరలేకపోయినది, పిల్లవాని ఫోను చాలినది.

రైతు ఇబ్బందికి దారి గలదు

చెట్టు వలన పంటకు ఇబ్బంది లేదనుట సత్యము కాదు. రోడ్డు ప్రక్క మర్రి నీడలో నాలుగు వరుసల పత్తి పొడవుగా పెరిగి కాయ పట్టదు. చింత క్రింద వరి పలుచబడును. పిట్టలు చేరి జొన్న కంకిని తినును. ఇవన్నియు నిజమే. కాని ఈ ఇబ్బందులకు చెట్టును నిలువున కొట్టుట ఒక్కటే మందు కాదు.

పొలము మీదికి వాలిన కొమ్మలను మాత్రము తీయించమని సంబంధిత శాఖకు లేదా పంచాయతీకి అర్జీ పెట్టుకొనవచ్చును. కొమ్మను కాండము మొదట నున్న ఉబ్బును వదలి కోయవలెను. ముందుగా క్రింది వైపు నుండి కొంత కోసి, తరువాత పై నుండి కోసినచో బెరడు చీలదు. ఒక్కసారిగా మూడవ వంతు కంటె ఎక్కువ పచ్చదనమును తీయరాదు. వేసవి చివర, వానలకు ముందు ఈ పని చేయించుట మంచిది. గాలివానకు విరిగిపడు ప్రమాదము గూడ తగ్గును. కరెంటు తీగెలకు తగులు కొమ్మలను విద్యుత్ సిబ్బంది చేతనే తీయించవలెను, రైతు తాను ఎక్కరాదు.

నీడ పడు ఆ నాలుగు వరుసలలో నీడను ఓర్చు పసుపు, అల్లము వంటివి గాని, పశుగ్రాసము గాని వేసికొనవచ్చును. ఉత్తర తెలంగాణ రైతులకు పసుపు చేతిలోని పంటయే గదా.

కొందరు చెట్టు మొదట్లో బెరడును చుట్టు గీసి తీయుట, బొరియ చేసి మందు పోయుట, చెత్త పోగు చేసి కాల్చుట చేయుచున్నారు. రెండు మూడు సంవత్సరములలో చెట్టు దానంతట అదే ఎండినదని చెప్పవచ్చునని వీరి ఆలోచన. ఇది గూడ కొట్టుటతో సమానమే. పైగా ఎండి నిలిచిన చెట్టు గొడ్డలితో పడిన చెట్టు కంటె అపాయకరము. అది ఏ గాలికి, ఎవరి మీద పడునో తెలియదు.

మారుచెట్టు లెక్క

వన మహోత్సవము మన దేశములో 1950 జూలైలో మొదలైనది. నాటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీ దానిని ప్రారంభించిరి. నాటి నుండి ప్రతి వానకాలము మొక్కలు నాటుచునే యున్నాము. తెలంగాణలో 2015 జూలైలో హరితహారము మొదలై, 2024 నుండి మరల వన మహోత్సవము అను పేరుననే కార్యక్రమము జరుగుచున్నది. ఇన్ని సంవత్సరముల అనుభవము చెప్పునది ఒకటే. గుంట త్రవ్వి మొక్క నిలుపుట ఒక పూట పని, దానిని బ్రతికించుట మూడు వేసవుల పని.

ఈ అనుభవము నుండియే 2018, 2019 చట్టములలో కొత్త నిబంధన వచ్చినది. గ్రామపంచాయతీలో నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెను. ఈ బాధ్యత సర్పంచి మీదను, పంచాయతీ కార్యదర్శి మీదను ఉంచబడినది. నిర్లక్ష్యము రుజువైనచో వారి పదవికి, ఉద్యోగమునకు ముప్పు వచ్చును. ప్రతి గ్రామపంచాయతీ స్వంత నర్సరీ పెంచవలెను, హరిత ప్రణాళిక వేసికొనవలెను. పురపాలక సంఘములలో గూడ నూటికి 85 అను లెక్కయే. అక్కడ వార్డు కౌన్సిలరు గూడ జవాబుదారి. పురపాలక బడ్జెటులో పదవ వంతు హరిత బడ్జెటుగా కేటాయించవలెను.

ఇది కఠినమైన నిబంధన అని కొందరందురు. కాని ఒక పెద్ద చెట్టు పోయినప్పుడు ఏమి పోవుచున్నదో లెక్క కట్టి చూచినచో కఠినమనిపించదు. నలువది అడుగుల వెడల్పు గొడుగు గల ఒక చింతచెట్టును తీసికొందము. దాని నీడ సుమారు 1,250 చదరపు అడుగులు. నర్సరీ నుండి తెచ్చిన మంచి మొక్క కొమ్మల వెడల్పు మూడు అడుగులనుకొన్నను దాని నీడ ఏడు చదరపు అడుగులే. అనగా ఆ ఒక్క చింత నీడకు నేడు సాటి రావలెనన్న సుమారు 178 మొక్కలు కావలెను. నూటికి 85 బ్రతుకునని లెక్క వేసి 178 మిగులవలెనన్న 210 మొక్కలు నాటవలెను. చెట్టుకు రెండు మొక్కలు నాటితిమి, బాకీ తీరినదని చెప్పుట ఎంత తక్కువ లెక్కయో దీనివలన తెలియును. కాయ, పువ్వు, పక్షిగూడు, భూమి పట్టు ఈ లెక్కలోనికి రానే లేదు.

సుప్రీంకోర్టు గూడ ఇట్టి లెక్కయే చెప్పినది. ఆగ్రా ప్రాంతములో తాజ్‌మహలు పరిరక్షణకై ఏర్పరచిన పరిధిలో అనుమతి లేక 454 చెట్లను కొట్టిన కేసులో, చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానాను 2025 మార్చిలో సమర్థించినది. ఆ పచ్చదనము మరల ఏర్పడుటకు కనీసము నూరు సంవత్సరములు పట్టునని పేర్కొన్నది.

కావున మొదటి ధర్మము, ఉన్న చెట్టును నిలుపుకొనుట. మారుచెట్టు రెండవది. అది గూడ తప్పనిసరి అయినప్పుడే.

మొక్కను బ్రతికించు పద్ధతి

నర్సరీలో మొక్కను ఎన్నుకొనునప్పుడు ఎత్తు ఒక్కటే చూడరాదు. రోడ్డు ప్రక్కకు రొమ్మెత్తు మొక్కయైన నుండవలెను. కాండము తనంత తాను నిలువగలిగియుండవలెను. సంచి అడుగు చీల్చుకొని వేరు భూమిలో పాతుకొనిన మొక్క, సంచిలో వేరు చుట్ట చుట్టుకొనిన ముదురు మొక్క పనికిరావు.

గుంట రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉండవలెను. వేసవిలోనే త్రవ్వి ఎండనిచ్చినచో మంచిది. పై మట్టిని ఒక ప్రక్క, లోపలి మట్టిని ఒక ప్రక్క వేసి, పై మట్టిలో బాగుగా మాగిన పశువుల ఎరువు కలిపి మొదట నింపవలెను. మొదటి రెండు మంచి వానలు పడి భూమి లోతుగా తడిసిన తరువాత నాటవలెను. ఆగస్టు దాటిన తరువాత నాటిన మొక్కకు వేరు పాతుకొనుటకు తగిన కాలము చాలదు. ప్లాస్టిక్ సంచిని కోసి పూర్తిగా తీసివేయవలెను. సంచితో సహా పాతిన మొక్క చచ్చుట తరచు చూచుచున్నదే.

నాటిన వెంటనే ఊతకర్ర కట్టి, తుమ్మ కంప గాని రేగు కంప గాని చుట్టు పెట్టవలెను. ఇనుప కంచె ఉన్నచో మంచిదే, గాని మొక్క లావైన తరువాత దానిని తీయుట మరువరాదు. కంచె కాండములోనికి దిగి చెట్టు ఉరి పడినట్లగును.

నీటి సంగతి ముందుగానే లెక్క వేసికొనవలెను. ఫిబ్రవరి నడుమ నుండి జూన్ నడుమ వరకు సుమారు 17 వారములు. వారమునకు ఒక్కసారి మొక్కకు 20 లీటర్ల చొప్పున పోసినచో 5,000 లీటర్ల ట్యాంకరు 250 మొక్కలకు చాలును. అనగా 250 మొక్కలకు ఒక వేసవికి 17 ట్యాంకర్లు, మూడు వేసవులకు 51 ట్యాంకర్లు. తెలంగాణలో గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్యాంకరు సమకూర్చబడినవి. కావున వాహనము లేదనుటకు వీలులేదు. డీజిలుకు, మనిషికి, నీటి చోటుకు ఏర్పాటు ముందు చేసికొని, అంతకు సరిపడు మొక్కలే నాటవలెను. వేయి మొక్కలు నాటి 300 మిగుల్చుకొనుట కంటె 400 నాటి 340 నిలుపుకొనుట మేలు. మొదటిది చట్టము ప్రకారము తప్పు, రెండవది సరిగా నూటికి 85.

చోటును బట్టి చెట్టును ఎన్నుకొనవలెను. వెడల్పు గల రోడ్డు అంచున వేప, కానుగ, నేరేడు బాగుండును. మర్రి, రావి, చింత వంటి విస్తారమైన చెట్లకు కూడళ్ళు, సంత స్థలములు, బడి ఆవరణలు తగును. కరెంటు తీగె క్రింద పొడవుగా పెరుగు చెట్టు నాటినచో, నేడు నాటి రేపు నరకవలసి వచ్చును. చెరువు కట్ట మీద నాటుటకు ముందు నీటిపారుదల శాఖ వారిని అడుగవలెను. వేళ్ళు కట్టను పగులదీయు చెట్లు అక్కడ పనికిరావు. హరితహారములో చెరువు కట్టల దగ్గర ఈత, తాటి మొక్కలు నాటించిన గ్రామములు గలవు. కల్లుగీత వృత్తివారికి అది ఆధారము.

త్వరగా పెరుగునని కోనోకార్పస్ మొక్కను ఒకప్పుడు విస్తారముగా నాటిరి. పశువు తినదు, ఏడాది పొడుగున పచ్చగా నుండును, నాటిన లెక్క బాగుగా కనిపించును. కాని దాని పుప్పొడి శ్వాస బాధలు తెచ్చునని, వేళ్ళు పైపులను చుట్టుకొనునని ఆక్షేపణలు వచ్చినవి. నర్సరీలలో దానిని పెంచవద్దని ప్రభుత్వము ఆదేశించినది. మొక్క బ్రతుకుట ఎంత ముఖ్యమో, ఏ మొక్క బ్రతికినదనునది గూడ అంతే ముఖ్యము.

నిప్పు, మేక, జేసీబీ

నాటిన మొక్కలు నీరు లేక చచ్చుట ఒక ఎత్తు, మనుష్యుల అజాగ్రత్త వలన చచ్చుట ఒక ఎత్తు. సదర్మాట్, కడెం ఆయకట్టులలో వరి కోత యంత్రముతో కోయుట పెరిగిన తరువాత పొలములో కొయ్యకాళ్ళు, గడ్డి మిగులుచున్నవి. యాసంగికి దుక్కి త్వరగా చేయవలెనని నిప్పు పెట్టిన, గాలికి మంట గట్టు దాటి రోడ్డు అంచుకు చేరును. రెండేళ్ళు పెంచిన మొక్క ఆ మంటలో అయిదు నిమిషములు నిలువదు. ఇట్లు కాలిన మొక్కలకు రైతులపై జరిమానా వేసిన సంఘటనలు తెలంగాణలో పలుచోట్ల జరిగినవి. కొయ్యకాళ్ళను రొటవేటరుతో నేలలో కలియదున్ని నీరు పెట్టినచో భూమికి సేంద్రియ పదార్థము చేరును, మొక్క నిలుచును, జరిమానా తప్పును.

మొక్కలను మేకలు మేసినవని యజమానులకు జరిమానా విధించిన వార్తలు గూడ తరచు వచ్చుచున్నవి. మేకల కాపరిని తిట్టుట సులభము. కాని గైరాను భూమినంతయు మొక్కలతో నింపి, మేపుకు చోటు చూపకపోవుట గూడ పొరపాటే. నాటుటకు ముందు గ్రామసభలో కాపరులతో కూర్చుండి, ఏ వైపు మూడేళ్ళు మూసివేయవలెను, ఏ వైపు మేపుకు విడువవలెను అని నిర్ణయించుకొనిన ఊళ్ళలో కంప తక్కువ ఖర్చగును.

ఇక జేసీబీ. పైపు లైనుకో, కేబులుకో కాలువ త్రవ్వునప్పుడు కాండమును ఆనుకొని త్రవ్వినచో ఒక వైపు వేళ్ళన్నియు తెగును. చెట్టు ఆ రోజు పడదు. రెండవ ఏటి గాలివానకు పడును. చెట్టు మొదలు చుట్టు సిమెంటు పోయుట గూడ ఇట్టిదే. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఢిల్లీలోని చెట్ల చుట్టు ఒక మీటరు వరకు సిమెంటు తీసివేయవలెనని ఆదేశించినది. మన ఊరి సిమెంటు రోడ్డు పనులలో గూడ ఈ ఒక్క మీటరు విడిచిపెట్టమని గుత్తేదారును అడుగవచ్చును. దానికి అదనపు ఖర్చు లేదు.

రోడ్డు వెడల్పు చేయునప్పుడు

అన్నిటికంటె కష్టమైన సందర్భము ఇది. రోడ్డు కావలెను, చెట్టు గూడ కావలెను. హైదరాబాదు నుండి చేవెళ్ల మీదుగా బీజాపూరు పోవు రహదారికి రెండు ప్రక్కల సుమారు 900 మర్రిచెట్లు గలవు. నిజాము కాలమున నాటినవని చెప్పుదురు. ఆ రోడ్డును వెడల్పు చేయు పనిలో ఈ చెట్లు పోవునని కొందరు 2021లో హరిత ట్రిబ్యునలును ఆశ్రయించిరి. పని సంవత్సరములు ఆగినది. ఇరుకు రోడ్డు మీద ప్రమాదములు జరుగుచునే యుండెను. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర బస్సు, కంకర లారీ ఢీకొని పలువురు ప్రాణములు పోగొట్టుకొనిరి.

ఇందులో ఏ ఒక్కరు మాత్రమే సరి అనుట న్యాయము కాదు. కాని ఒక పాఠము మాత్రము స్పష్టము. ఏ చెట్టు నిలుపవచ్చును, దేనిని తరలించవచ్చును, దేనిని తప్పక తీయవలెను అను లెక్క రోడ్డు గీత గీయక ముందే జరుగవలెను. గీత గీసిన తరువాత, గుత్త ఇచ్చిన తరువాత మొదలైన చర్చ చెట్టుకును మంచి చేయదు, మనిషికిని మంచి చేయదు. మర్రి, రావి, మేడి వంటి చెట్లు కొమ్మలు తగ్గించి, వేరు బంతితో ఎత్తి వేరొక చోట నాటినను మరల చిగిర్చు గుణము గలవి. ముదిరిన వేప, చింత వంటి వాటి విషయములో ఆ ఆశ తక్కువ. కావున తరలింపు పేరు చెప్పి అన్నిటిని పెకలించుట సరి కాదు.

నిర్మల్ నుండి ఖానాపూర్ వచ్చు రోడ్డును గాని, మన గ్రామపు బాటను గాని వెడల్పు చేయు ప్రతిపాదన వచ్చినప్పుడు, కొలతల సమయముననే చెట్ల జాబితా అడుగుట రైతుల పని.

గ్రామసభలో అడుగవలసినవి

చట్టములో హక్కు ఉన్నను అడిగినవారికే అది అక్కరకు వచ్చును. వానకాలమునకు ముందు జరుగు గ్రామసభలో, లేదా పట్టణములో వార్డు సభ్యుని దగ్గర, ఈ క్రింది ప్రశ్నలు అడుగవలెను.

1. గత సంవత్సరము నాటిన మొక్కలెన్ని? నేడు బ్రతికియున్నవి ఎన్ని? ఎక్కడెక్కడ?

2. ఈ సంవత్సరము పంచాయతీ హద్దులో కొట్టిన చెట్లెన్ని? ఎవరి అనుమతి మీద? కాగితము చూపగలరా?

3. కొట్టిన కలపను వేలము వేసిరా? సొమ్ము ఏ ఖాతాలో జమ అయినది?

4. పంచాయతీ భూములలోని చింత మొదలగు చెట్ల ఫలసాయము ఎవరికి ఇచ్చిరి? ఎంతకు?

5. మారుచెట్లు ఎక్కడ నాటిరి? వాటికి మూడు వేసవుల నీటి ఏర్పాటు ఏమి?

6. ఊరిలోని పెద్ద చెట్లకు జాబితా గలదా?

ఈ చివరి ప్రశ్న ముఖ్యమైనది. జాబితా లేని చెట్టు పోయినను పోయినట్లు ఎవరికిని తెలియదు. ఒక నోటు పుస్తకము చాలును. చెట్టు పేరు, ఉన్న చోటు, రొమ్మెత్తున కాండము చుట్టుకొలత, ఆరోగ్యము, చూచిన తేదీ అను అయిదు గడులు గీసి, బడిపిల్లల చేత ఒక వారములో ఊరంతటి పెద్ద చెట్లను వ్రాయించవచ్చును. ఫోనుతో ఒక్కొక్క చెట్టుకు ఛాయాచిత్రము తీసి ఉంచినచో ఇంకను మంచిది. ఒక నకలు పంచాయతీలో, ఒకటి బడిలో ఉంచవలెను. ప్రతి సంవత్సరము ఒకసారి సరిచూడవలెను. గాలివానకు ఏ చెట్టు పడు ప్రమాదము గలదో గూడ ఈ పుస్తకమే ముందుగా చెప్పును. షెడ్యూల్డు ప్రాంతపు గ్రామములలో గ్రామసభకు 1996 చట్టము వలన మరింత అధికారము గలదు గనుక, అక్కడ ఈ పుస్తకమునకు బలము ఎక్కువ.

అనుమతి లేక చెట్టు కొట్టుచున్నట్లు కనిపించినప్పుడు తగవు పెట్టుకొనరాదు. చోటు, సమయము, బండి సంఖ్య గుర్తించి, వీలైనచో ఛాయాచిత్రము తీసి, అటవీశాఖకు, పంచాయతీ కార్యదర్శికి లేదా పురపాలక కార్యాలయమునకు తెలియజేయవలెను. ముందు ఫోను, తరువాత వ్రాతపూర్వకముగా అర్జీ, అర్జీకి రసీదు. ఈ వరుస తప్పరాదు.

మన పూర్వులు సప్త సంతానములని ఏడింటిని చెప్పి, చెరువును, దేవాలయమును, కన్నకొడుకును లెక్కించిన వరుసలోనే వనమును గూడ లెక్కించిరి. సంతానమనగా పుట్టించి విడుచునది కాదు గదా. నేటి చట్టము నూటికి 85 అని అంకె వేసి అడుగుచున్నది గూడ ఆ పెంపకమునే. వానలకు ముందు గుంట, వానలలో మొక్క, మూడు వేసవులు నీరు, ఏటేట పుస్తకములో లెక్క. ఈ నాలుగు పనులు సక్రమముగా సాగించిన ఊరికి మారుచెట్టు నిజముగా చెట్టగును.